ఇకపై మాన్యువల్ చదివేది ఏజెంటే!

ఫైనలియర్ ప్రాజెక్టు కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టే ఉంటారు. దాంతోపాటు ఒక రీడ్‌మీ ఫైల్ కూడా. అది ఎప్పుడు రాశారు? ఎక్కువమంది జవాబు ఒకటే: సబ్మిషన్‌కు ముందురోజు రాత్రి, చాట్‌జీపీటీతో. తప్పుపట్టడం లేదు. గైడ్ చదవరు, ఎక్స్‌టర్నల్ చదవరు, ఇంటర్వ్యూ చేసేవాళ్లు లింకు కూడా క్లిక్ చేయరు. ఎవరూ చదవని దానికోసం ఎవరు మాత్రం కష్టపడతారు?

ఈ లెక్క ఇప్పుడు మారుతోంది. డాక్యుమెంటేషన్‌ను వదలకుండా చదివి, చదివింది చదివినట్టు అమలుచేయబోయే కొత్త పాఠకుడు వచ్చాడు. ఆ పాఠకుడు మనిషి కాదు, ఏఐ ఏజెంట్.

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. పొట్టిగా ఎంసీపీ అంటున్నారు. ఏఐ మోడల్ కబుర్లు చెప్పడంతో ఆగిపోకుండా బయటి సాఫ్ట్‌వేర్లను వాడుకోవడానికి ఇది ఒక ఉమ్మడి పద్ధతి. 2025 ఏప్రిల్‌లో గిట్‌హబ్ తన అధికారిక ఎంసీపీ సర్వర్‌ను ఓపెన్‌సోర్స్‌గా బయటపెట్టింది. మే నెలలో కోపైలట్ కోడింగ్ ఏజెంట్‌ను ప్రకటించింది. ఒక ఇష్యూను దానికి అప్పగిస్తే తనే బ్రాంచ్ తీసుకుని, కోడ్ రాసి, పుల్ రిక్వెస్ట్ పెడుతుంది. డిసెంబరుకల్లా ఎంసీపీ లినక్స్ ఫౌండేషన్ గూటికి చేరింది. అంటే ఒక కంపెనీ ప్రయోగం స్థాయి దాటిపోయింది.

ఈ వార్తలన్నీ మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. వాటిలో పెద్దగా వినిపించని సంగతి ఒకటుంది. గిట్‌హబ్ ఏపీఐని ఎలా వాడాలో ఆ ఏజెంట్‌కు ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఆ రాత సరిగా లేకపోతే ఏజెంట్ ఎంత తెలివైనదైనా తప్పు లెక్క చెబుతుంది, తప్పు ఫైల్ మారుస్తుంది. ఈ పని ఫ్రెషర్స్‌కు అందేంత దగ్గర్లో ఉందని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

ఏజెంట్‌కు కనిపించేది ఏంటి?

ఎంసీపీలో ‘టూల్’ అంటే ఒక ఫంక్షన్. ఇష్యూలు చూపించు, ఫైల్ మార్చు, పుల్ రిక్వెస్ట్ తెరువు వంటివి ఒక్కొక్కటి ఒక్కో టూల్. లోపల మీరు ఎంత అందమైన కోడ్ రాసినా మోడల్‌కు అది కనిపించదు. దానికి ప్రధానంగా కనిపించేవి మూడే: టూల్ పేరు, దాని వివరణ, ఇవ్వాల్సిన ఇన్‌పుట్‌ల పట్టిక. ఈ టూల్‌ను పిలవాలా వద్దా, పిలిస్తే ఏ విలువలతో పిలవాలి అన్నది వీటిని చదివే తేల్చుకుంటుంది. వివరణలో ఒక్క వాక్యం మార్చండి. కోడ్‌లో చుక్క కూడా మారదు, ప్రవర్తన మారిపోతుంది.

ఇంట్లో అమ్మ ‘కొట్టుకెళ్లి కిలో పప్పు పట్రా’ అంటే మీరు కందిపప్పే తెస్తారు. ఏ పప్పు అని అడగరు. ఆ ఇంట్లో పెరిగారు కాబట్టి తెలుసు. ఏజెంట్ ఆ ఇంట్లో పెరగలేదు. శనగపప్పు తెచ్చి, ‘పని పూర్తయింది’ అని ధీమాగా చెబుతుంది.

ఒక్క ఇష్యూల జాబితా తీసుకుందాం

మీరు పైథాన్‌లో ఒక చిన్న టూల్ రాశారనుకోండి. రెపో పేరు ఇస్తే గిట్‌హబ్ రెస్ట్ ఏపీఐ నుంచి ఇష్యూల జాబితా తెస్తుంది. వివరణ దగ్గర ‘రెపోలోని ఇష్యూలను ఇస్తుంది’ అని ఒక వాక్యం రాసి వదిలేశారు. నిజానికి ఇంగ్లిష్‌లోనే రాస్తారు, ఇక్కడ అర్థం కోసం తెలుగులో చెబుతున్నాను.

ఆ రెపోలో మొత్తం 40 ఇష్యూలు ఉన్నాయి. 15 క్లోజ్ అయ్యాయి, 25 ఓపెన్‌లో ఉన్నాయి. ఇవి కాక 6 పుల్ రిక్వెస్టులు తెరిచి ఉన్నాయి. ‘మా ప్రాజెక్టుకు ఇప్పటిదాకా ఎన్ని ఇష్యూలు వచ్చాయి?’ అని అడిగితే ఏజెంట్ టూల్‌ను ఒకసారి పిలిచి, ‘30’ అని చెప్పే ప్రమాదం ఉంది.

ఎక్కడి నుంచి వచ్చింది ఈ 30? మూడు చోట్ల జారింది. మొదటిది, స్టేట్ చెప్పకపోతే ఈ ఏపీఐ ఓపెన్‌లో ఉన్నవాటినే ఇస్తుంది. క్లోజ్ అయిన 15 అక్కడే పోయాయి. రెండోది, గిట్‌హబ్ ఏపీఐ దృష్టిలో ప్రతి పుల్ రిక్వెస్టూ ఒక ఇష్యూనే, అందుకే ఆ 6 కూడా జాబితాలోకి దూరాయి. 25కు 6 కలిపితే 31. మూడోది, మీరు ప్రత్యేకంగా అడగకపోతే పేజీకి 30 మాత్రమే వస్తాయి, గరిష్ఠం 100. ఆ చివరి ఒక్కటీ రెండో పేజీలో ఉండిపోయింది. తీసివేతలు, కూడికలు కలిసి పైకి నమ్మదగినట్టే కనిపించే అంకె ఒకటి తయారైంది.

అనుభవం ఉన్న డెవలపర్ కచ్చితంగా 30 అనే గుండ్రటి సంఖ్య కనిపించగానే అనుమానిస్తాడు. ‘ఇది పేజీ లిమిట్ కదా’ అనుకుంటాడు. ఏజెంట్‌కు ఆ అనుమానం రావచ్చు, రాకపోవచ్చు. దాన్ని అదృష్టానికి వదిలేయకూడదు.

ఇప్పుడు వివరణ ఇలా రాద్దాం: ‘రెపోలోని ఇష్యూలను పేజీలవారీగా ఇస్తుంది. స్టేట్ చెప్పకపోతే ఓపెన్‌లో ఉన్నవే వస్తాయి. అన్నీ కావాలంటే ఆల్ అని ఇవ్వాలి. పేజీకి 30, గరిష్ఠంగా 100. ఇంకో పేజీ ఉంటే జవాబు చివర ఆ సంగతి ఉంటుంది, అప్పుడు తర్వాతి పేజీ కూడా అడగాలి. పుల్ రిక్వెస్టులు కూడా కలిసి వస్తాయి; లెక్క చెప్పేముందు వాటిని తీసేయాలి.’

ఆరే వాక్యాలు. ఒక్క విశేషణం లేదు. ‘శక్తిమంతమైన’, ‘అత్యాధునిక’ లాంటి మాటలు రీడ్‌మీలో మనుషుల్ని ఆకట్టుకుంటాయేమో కానీ, ఇక్కడ దేనికీ పనికిరావు.

కానీ ఆ చివరి వాక్యాన్ని మళ్లీ చదవండి. పుల్ రిక్వెస్టులను తీసేయమని ఏజెంట్‌ను బతిమాలడం ఎందుకు? కోడ్‌లోనే రెండు లైన్లు రాసి వాటిని వడకట్టేయొచ్చు కదా! నిజమే. డాక్యుమెంటేషన్ రాయడానికి కూర్చున్నప్పుడే ఇలాంటివి బయటపడతాయి. ఒక టూల్‌కు హెచ్చరికల మీద హెచ్చరికలు రాయాల్సి వస్తోందంటే చాలాసార్లు మార్చాల్సింది రాత కాదు, టూలే. అందుకే ఈ పనిని కోడింగ్ రానివాళ్ల పనిగా చూడటం నాకు నచ్చదు.

లేదు అనడానికి, కనిపించదు అనడానికి తేడా

గిట్‌హబ్ ఏపీఐలో ఇంకో విచిత్రం ఉంది. మీకు అనుమతి లేని ప్రైవేట్ రెపోను అడిగితే ‘అనుమతి లేదు’ అని చెప్పదు. 404, అంటే ‘దొరకలేదు’ అంటుంది. ఆ పేరుతో రెపో ఉందన్న సంగతి కూడా బయటివాళ్లకు తెలియకూడదని కావాలనే అలా పెట్టారు. భద్రత కోణంలో మంచి నిర్ణయమే. కానీ ఏజెంట్ దాన్ని ‘ఆ రెపో లేదు’ అని అర్థం చేసుకుంటే? అదే పేరుతో కొత్తది సృష్టించే టూల్ కూడా దాని చేతిలో ఉంటే? అందుకే మీ టూల్ తిప్పి పంపే ఎర్రర్ మెసేజ్‌లో ఇలా ఉండాలి: ‘రెపో లేకపోవచ్చు, లేదా ఈ టోకెన్‌కు దాన్ని చూసే అనుమతి లేకపోవచ్చు. కొత్త రెపో సృష్టించవద్దు; యూజర్‌ను అడుగు.’

ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే. పైగా సరైన సమయానికి చదవబడే డాక్యుమెంటేషన్. ఉన్న ఫైల్‌ను ఏపీఐ ద్వారా మార్చాలంటే ఆ ఫైల్ ప్రస్తుత షా విలువ కూడా పంపాలి. ఈలోగా వేరొకరు ఆ ఫైల్ మార్చేసి ఉంటే షా సరిపోదు, 409 కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. ఒట్టి ‘409’ అని మాత్రమే తిప్పి పంపితే ఏజెంట్ అదే అభ్యర్థనను మళ్లీ మళ్లీ కొడుతూ కూర్చోవచ్చు. ‘ఫైల్ ఈలోగా మారింది. మళ్లీ చదివి, కొత్త షా తీసుకుని, నీ మార్పు ఇంకా అవసరమో కాదో చూసుకుని అప్పుడు పంపు’ అంటే దారి దొరుకుతుంది. ఊరికే కొట్టిన అభ్యర్థనలకు ఖరీదు కూడా ఉంది. లాగిన్ లేకుండా వాడితే గంటకు 60, మామూలు వ్యక్తిగత టోకెన్‌తో అయితే గంటకు 5,000 దాకే అనుమతి.

మరి మొత్తం రాసి పడేస్తే పోలా?

పోదు. టూల్ వివరణలు సాధారణంగా సంభాషణ మొదట్లోనే మోడల్ ముందుకు వెళ్తాయి. పదుల కొద్దీ టూల్స్, ఒక్కోదానికి పేజీడు వివరణ పెడితే అసలు పని మొదలవకముందే మోడల్ దృష్టిలో చాలా స్థలం నిండిపోతుంది. పోలికలున్న టూల్స్ ఎక్కువైతే ఏది పిలవాలో తేల్చుకోలేక తడబడుతుంది కూడా. అందుకే గిట్‌హబ్ సర్వర్‌లో టూల్స్‌ను ‘టూల్‌సెట్’లుగా విడగొట్టారు. రెపోల పని ఉంటే అవి, ఇష్యూల పని ఉంటే అవి, కావాల్సినవి మాత్రమే ఆన్ చేసుకోవచ్చు.

2025 అక్టోబరులో వచ్చిన ఏజెంట్ స్కిల్స్ పద్ధతి ఇదే సమస్యకు ఇంకో పరిష్కారం. స్కిల్ డాట్ ఎండీ అనే ఫైల్‌లో పేరు, చిన్న వివరణ పైన ఉంటాయి. మొదట మోడల్‌కు అవే కనిపిస్తాయి. అవసరం పడినప్పుడే లోపలి పాఠం తెరుస్తుంది. ఒక ప్రాజెక్టులో కోడ్ ఎలా బిల్డ్ చేయాలి, టెస్టులు ఎలా నడపాలి అని ఏజెంట్లకు చెప్పే ఏజెంట్స్ డాట్ ఎండీ ఫైల్ ఇంకొకటి. ఎంసీపీ సర్వర్ జోలికే పోకుండా, గిట్‌హబ్ కమాండ్‌లైన్ టూల్ జీహెచ్‌ను ఏజెంట్ చేతికిచ్చి పక్కన ఒక స్కిల్ ఫైల్ పెట్టేవాళ్లూ ఉన్నారు. ఫైళ్ల పేర్లు రేపు మారొచ్చు. చిక్కులు మాత్రం అవే. జీహెచ్‌లో ఇష్యూల జాబితా అడిగినా డీఫాల్ట్‌గా వచ్చేది 30 మాత్రమే!

రాత తాళం కాదు

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ‘ప్రైవేట్ రెపోల జోలికి వెళ్లకు’ అని వివరణలో రాశాం కాబట్టి భద్రంగా ఉన్నాం అనుకోవడం.

2025 మే నెలలో ఇన్వేరియంట్ ల్యాబ్స్ పరిశోధకులు గిట్‌హబ్ ఎంసీపీ సర్వర్‌తో పనిచేసే ఏజెంట్ మీద ఒక దాడిని చేసి చూపించారు. ఒక పబ్లిక్ రెపోలో ఎవరైనా ఇష్యూ రాయొచ్చు కదా. దాడి చేసేవాడు ఆ ఇష్యూలోనే ఏజెంట్‌కు ఆదేశాలు రాసిపెట్టాడు. రెపో యజమాని ‘నా ఇష్యూలు ఒకసారి చూడు’ అని తన ఏజెంట్‌కు చెప్పగానే, అది ఆ రాతను చదివి, యజమాని ప్రైవేట్ రెపోల్లోకి వెళ్లి సమాచారం తీసుకుని, అందరికీ కనిపించే పుల్ రిక్వెస్టులో పెట్టేసింది. సర్వర్ కోడ్‌లో మనకు తెలిసిన తరహా బగ్ ఏమీ లేదు. ఏజెంట్‌కు మీ మాన్యువల్ ఎంతో, ఎవరో అపరిచితుడు రాసిన ఇష్యూ కూడా అంతే. రెండూ చదవాల్సిన పాఠాలే.

కాబట్టి కట్టడి టోకెన్ దగ్గర జరగాలి. గిట్‌హబ్‌లో ఫైన్‌గ్రెయిన్డ్ టోకెన్‌తో ఒక్క రెపోకు, అందులోనూ చదవడానికి మాత్రమే అనుమతి ఇవ్వొచ్చు. ఎంసీపీ సర్వర్‌కు రీడ్‌ఓన్లీ మోడ్ ఉంది. డాక్యుమెంటేషన్ రాసేవాళ్ల బాధ్యత ఏంటంటే, ప్రతి టూల్‌కు కనీసం ఏ అనుమతి చాలో స్పష్టంగా రాయడం. ‘అన్ని అనుమతులూ ఉన్న టోకెన్ పెట్టండి’ అని ఒక్క వాక్యంలో తేల్చేసే గైడ్లు నెట్‌లో బోలెడున్నాయి. అలాంటిది కనిపిస్తే మూసేయండి.

ఉద్యోగం సంగతేంటి?

సూటిగా చెప్తాను. ‘ఏజెంట్ డాక్యుమెంటేషన్ ఇంజినీర్’ అనే పోస్టుతో మీ క్యాంపస్‌కు కంపెనీలు వరుసకట్టవు. ఈ పని వేరే పేర్ల కింద దాక్కుని ఉంటుంది: ఏపీఐ డాక్యుమెంటేషన్, డెవలపర్ ఎక్స్‌పీరియన్స్, క్యూఏ, ఇంటర్నల్ ప్లాట్‌ఫామ్ టీమ్. సొంత ఏపీఐలు ఉన్న ఏ కంపెనీ అయినా వాటిని ఏజెంట్ల చేతికి ఇవ్వాలనుకున్న రోజున, ఇంతసేపూ మనం చెప్పుకున్న 30ల గొడవే వాళ్లకూ ఎదురవుతుంది.

మీ భయం కూడా నాకు తెలుసు. చిన్నచిన్న బగ్గులు సరిచేయడం, టెస్టులు రాయడం, డాక్యుమెంటేషన్ సరిదిద్దడం... ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు నెలలు ఫ్రెషర్‌కు ఇచ్చే పనులివే. కోడింగ్ ఏజెంట్లకు ముందుగా అప్పగిస్తున్నదీ ఇలాంటి పనులే. ఆ భయం ఉత్తదని నేను అనను. అయితే ఏజెంట్ ఎక్కడ తప్పుతుందో పట్టుకుని, ఆ తప్పుకు కారణం రాతలో ఉందో కోడ్‌లో ఉందో తేల్చే పని మాత్రం మనిషి దగ్గరే ఉంది. దానికి పదేళ్ల అనుభవం అక్కర్లేదు. ఏపీఐ పేజీని ఓపిగ్గా చదవడం, అనుమానించడం వస్తే చాలు.

‘డాక్యుమెంటేషన్ ఏఐతోనే రాయించొచ్చు కదా?’ అంటారు. రాయించండి, డ్రాఫ్ట్ బాగానే వస్తుంది. కానీ దాన్ని ఏజెంట్‌తో నడిపి చూసేదాకా అది నిజంగా పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు, రాసిన ఏఐకి కూడా.

తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్‌కు జంకేవాళ్లకు ఒక మాట. ఈ రాతకు కావాల్సింది గ్రూప్ డిస్కషన్ ఇంగ్లిష్ కాదు. చిన్న వాక్యం, ఒకే అర్థం, సరైన అంకె. ‘ఇస్తే ఇది జరుగుతుంది, ఇవ్వకపోతే అది జరుగుతుంది’ అని చెప్పగలిగితే సరిపోతుంది.

ఇక కోర్సులు. అమీర్‌పేటలో బోర్డులు మారడానికి ఎంతోసేపు పట్టదు. ఎంసీపీ స్పెసిఫికేషన్, గిట్‌హబ్ సర్వర్ సోర్స్ కోడ్ రెండూ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. వేలకు వేలు ఫీజు కట్టేముందు ఒక వీకెండ్ వాటితో కూర్చోండి.

ఇంట్లోనే చేసి చూడండి

పైన చెప్పిన రెపోనే తయారుచేసుకోండి: 40 ఇష్యూలు, అందులో 15 క్లోజ్ చేసినవి, 6 తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులు. చేత్తో చేయక్కర్లేదు, స్క్రిప్ట్ రాయండి. అయితే ఇలా వరుసగా సృష్టించేటప్పుడు అభ్యర్థనకూ అభ్యర్థనకూ మధ్య కనీసం ఒక సెకను ఆగమని గిట్‌హబ్ మార్గదర్శకాలు చెబుతాయి, అది పాటించండి. తర్వాత ఎంసీపీ పైథాన్ ఎస్‌డీకేతో ఇష్యూల టూల్ రాయండి. అందులో ఫంక్షన్ కింద రాసే డాక్‌స్ట్రింగే టూల్ వివరణగా మోడల్‌కు వెళ్తుంది. ల్యాబ్‌లో సార్ పోరుపెడితే తప్ప రాయని ఆ డాక్‌స్ట్రింగే!

మీకు ముందే జవాబు తెలిసిన పది ప్రశ్నలు రాసుకోండి. ఒక్కోటి మూడుసార్లు అడగండి, ఎందుకంటే మోడల్ ప్రతిసారీ ఒకే జవాబు ఇవ్వదు. ఎన్ని సరైనవో నోట్ చేయండి. అప్పుడు డాక్‌స్ట్రింగ్‌లో ఒక్క వాక్యం మార్చి మళ్లీ మొత్తం అడగండి. ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇది కుదిరాక గిట్‌హబ్ అధికారిక సర్వర్ మీద పడొచ్చు. అది గో భాషలో, ఎంఐటీ లైసెన్సుతో ఉంది. గో రాకపోయినా పర్వాలేదు. టూల్ వివరణలను ఒక కాన్ఫిగ్ ఫైల్ ద్వారా మన మాటలతో మార్చుకునే వీలు అందులోనే ఇచ్చారు. మీ ప్రయోగంలో నిజంగా మెరుగైన వాక్యం దొరికితే, పరీక్షల ఫలితాలతో సహా వాళ్లకు ఇష్యూ రాయండి. రీడ్‌మీలో కామా మార్చి పుల్ రిక్వెస్ట్ పెట్టే పని మాత్రం వద్దు. 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో టీషర్టు కోసం అలాంటివి కుప్పలు తెప్పలుగా వచ్చిపడటంతో, ఇష్టపడి చేరిన రెపోలకే పరిమితమయ్యేలా నిర్వాహకులు మధ్యలోనే నిబంధనలు మార్చాల్సి వచ్చింది.

రెజ్యూమెలో ‘ఎంసీపీ తెలుసు’ అని రాస్తే అది వంద రెజ్యూమెల్లో ఉంటుంది. దాని బదులు రెపో లింకు ఇచ్చి, వివరణ మార్చకముందు ఎన్ని సరైన జవాబులు, మార్చాక ఎన్ని అని మీకు వచ్చిన అసలు అంకెలే రాయండి. పదికి పది రాకపోయినా దాచొద్దు. ఇంటర్వ్యూలో ఎలాగూ ‘మిగిలినవి ఎందుకు తప్పాయి?’ అనే అడుగుతారు, మాట్లాడటానికి అక్కడే ఎక్కువ సరుకు ఉంటుంది.

ఆ రెపోను పబ్లిక్ చేసేముందు టోకెన్ ఉన్న ఫైల్‌ను గిట్‌ఇగ్నోర్‌లో చేర్చారో లేదో చూసుకోండి. అది ఒకసారి పైకి వెళ్లిందంటే ఫైల్ డిలీట్ చేసినా పాత కమిట్‌లో అలాగే ఉంటుంది. అలా జరిగితే ముందు గిట్‌హబ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ టోకెన్‌నే రద్దు చేయండి.